బ్యాటరీ ఎంత ఊగినా కెమెరాకి 12 వోల్టులే: ఒకే కోర్‌పై రెండు తీగలు చుట్టి సెపిక్ కన్వర్టర్ చేసుకోవడం ఎలా

కవిటి దగ్గర మా మావయ్య కొబ్బరితోటలో ఒక షెడ్డు ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానమంతా చెట్లతో పాటు స్తంభాలు కూడా పడిపోయాక, ఆ షెడ్డుకి మళ్లీ లైను కోసం ఎదురు చూడటం ఇష్టం లేక సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ పెట్టించారు, తర్వాత ఒక సీసీ కెమెరా కూడా తగిలించారు. కొన్నాళ్లకి ఫోను: "పగలు బాగానే కనబడతంది, రాత్రయితే సాలు ఆగిపోతంది, ఏటిరా ఇది?"

కారణం కనిపెట్టడం కష్టం కాలేదు. చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలుగుతాయి, కరెంటు పెరుగుతుంది, షెడ్డు నుంచి గేటు దాకా లాగిన సన్నటి వైరులో వోల్టేజి పడిపోతుంది, బ్యాటరీ కూడా అప్పటికే కిందకి దిగుతూ ఉంటుంది. ఇంకోపక్క మధ్యాహ్నం ఎండలో ఛార్జ్ అవుతున్నప్పుడు అదే బ్యాటరీ మీద 14.4 వోల్టులు ఉంటాయి. పేరుకి 12 వోల్టుల బ్యాటరీయే గానీ, దాని దగ్గర సరిగ్గా 12 వోల్టులు ఉండే సమయం చాలా తక్కువ.

ఇలాంటి చోట బూస్ట్ కన్వర్టర్ పెడితే సగం సమస్యే తీరుతుంది, ఎందుకంటే అది పెంచగలదు గానీ 14.4ని 12కి దించలేదు. బక్ కన్వర్టర్ దించగలదు గానీ 10.8ని 12 చేయలేదు. రెండూ చేసేది సెపిక్. ఇది 1977లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు ప్రచురించిన సర్క్యూట్. ఇన్‌పుట్ అవుట్‌పుట్ కంటే ఎక్కువున్నా తక్కువున్నా అవుట్‌పుట్ స్థిరంగా ఉంచుతుంది, పైగా మధ్యలో ఒక కెపాసిటర్ అడ్డం ఉంటుంది కాబట్టి స్విచ్ (క్షణానికి వేలసార్లు ఆన్-ఆఫ్ అయ్యే ట్రాన్సిస్టర్) ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటు నేరుగా అవుట్‌పుట్‌కి పోదు. బూస్ట్‌లో ఈ రక్షణ లేదు, అవుట్‌పుట్ షార్ట్ అయితే బ్యాటరీ మొత్తం కాయిల్, డయోడ్ గుండా దూసుకుపోతుంది.

సెపిక్‌కి రెండు ఇండక్టర్లు, అంటే తీగ చుట్టిన కాయిళ్లు, కావాలి. వాటిని విడివిడిగా పెట్టొచ్చు, లేదా రెండూ ఒకే కోర్ మీద చుట్టొచ్చు. నేను ఒకే కోర్ మీద చుట్టమనే చెబుతాను. స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు రెండు కాయిళ్ల మీదా ఇన్‌పుట్ వోల్టేజి ఉంటుంది, ఆఫ్ అయినప్పుడు రెండింటి మీదా అవుట్‌పుట్ వోల్టేజి ఉంటుంది, అంటే రెండూ ఎప్పుడూ సమానం. సమానమైన వోల్టేజి ఉన్న రెండు కాయిళ్లు ఒకే కోర్‌ని పంచుకోవడానికి అడ్డేమీ లేదు, లాభం మాత్రం ఉంది: ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకోదానికి సాయపడుతుంది కాబట్టి, అదే రిపుల్ కరెంటుకి (ప్రతి ఆన్-ఆఫ్‌కీ కాయిల్ కరెంటు ఎంత ఊగుతుందో అది) ఒక్కో కాయిల్‌కి కావలసిన ఇండక్టెన్స్ సగానికి తగ్గుతుంది. ఒకే కోర్, చుట్లూ తక్కువ. అయితే రెండు కాయిళ్ల చుట్లు సమానంగా ఉండి తీరాలి.

ముందు కాగితం మీద లెక్క

టంకం గన్ను పట్టుకునే ముందు ఒక పావుగంట లెక్క చేయండి. ఇన్‌పుట్ 10 నుంచి 15 వోల్టులు, అవుట్‌పుట్ 12 వోల్టులు, కరెంటు గరిష్ఠంగా 1 ఆంపియర్ అనుకుందాం. కెమెరాకైనా, ఇంట్లో ఫైబర్ నెట్ బాక్సుకైనా ఇది సాధారణంగా సరిపోతుంది, అయినా మీ అడాప్టర్ మీద రాసింది ఒకసారి చూసుకోండి. స్విచ్, దాన్ని నడిపే భాగం రెండూ లోపలే ఉన్న ఐసీగా ఎల్ఎం2577 ఎడ్జస్టబుల్ రకం తీసుకుంటున్నాను. 400 కిలోహెర్ట్జ్‌లో పనిచేసే ఎక్స్ఎల్6009 ఇంకా చిన్నగా వస్తుంది గానీ, చేత్తో బోర్డు మీద వైర్లు లాగి చేసేవాళ్లకి అంత వేగం తలనొప్పి. ఎల్ఎం2577 వేగం 52 కిలోహెర్ట్జే, కాళ్లు ఐదే, హీట్‌సింక్ బిగించుకునే వీలుంది, కొంచెం తప్పు చేసినా క్షమిస్తుంది.

డ్యూటీ, అంటే స్విచ్ ఎంతసేపు ఆన్‌లో ఉండాలి అనేది: అవుట్‌పుట్‌కి డయోడ్ డ్రాప్ (డయోడ్‌లో పడిపోయే వోల్టేజి) కలపండి, దాన్ని ఇన్‌పుట్, అవుట్‌పుట్, డయోడ్ డ్రాప్ మూడింటి మొత్తంతో భాగించండి. డయోడ్‌కి 0.5 వోల్టు వేస్తే, ఇన్‌పుట్ 10 ఉన్నప్పుడు 12.5 ÷ 22.5, అంటే దాదాపు 0.56. ఇన్‌పుట్ 15 ఉన్నప్పుడు 12.5 ÷ 27.5, అంటే 0.45. ఇన్‌పుట్ అంత మారినా డ్యూటీ ఇంతే మారుతుంది, ఐసీకి హాయి.

ఇండక్టెన్స్: ఇన్‌పుట్ వోల్టేజిని డ్యూటీతో గుణించి, ఫ్రీక్వెన్సీతోనూ రిపుల్ కరెంటుతోనూ భాగించి, ఒకే కోర్ కాబట్టి మళ్లీ 2తో భాగించాలి. రిపుల్ అర ఆంపియర్ అనుకుంటే 10 × 0.56 ÷ (2 × 52,000 × 0.5), సుమారు 107 మైక్రోహెన్రీలు. మనం 100 పెట్టుకుందాం.

ఇక స్విచ్ కరెంటు. చాలామంది ఇక్కడే మోసపోతారు. అవుట్‌పుట్ 1 ఆంపియరే కదా అనుకుంటారు, కానీ సెపిక్‌లో స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు రెండు కాయిళ్ల కరెంటూ దాని గుండానే పోతుంది. ఇన్‌పుట్ 10 వోల్టులప్పుడు మొదటి కాయిల్‌లో నష్టాలతో కలిపి దాదాపు 1.5 ఆంపియర్లు, రెండో దానిలో 1, పైన రిపుల్ భాగం అర ఆంపియర్, మొత్తం శిఖరం 3 ఆంపియర్లు. ఎల్ఎం2577 స్విచ్ రేటింగ్ కూడా 3 ఆంపియర్లే. కాబట్టి ఈ డిజైన్‌కి 1 ఆంపియర్ అనేది పైఅంచు. రోజంతా నడిచేది 0.7 లోపల ఉంచితే నిశ్చింత. ఒకటిన్నర ఆంపియర్ లాగే పరికరానికి దీన్ని పెట్టకండి.

స్విచ్ మీద పడే వోల్టేజి ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ కలిపినంత, అంటే 27 లేదా 28. ఐసీ 65 వోల్టుల వరకు తట్టుకుంటుంది. డయోడ్‌కి 1ఎన్5822 షాట్కీ చాలు, అది 40 వోల్టులు, 3 ఆంపియర్లు. మామూలు 1ఎన్4007 పెట్టకండి, అది 50 హెర్ట్జ్ మెయిన్స్ కోసం చేసింది, ఈ వేగానికి ఆగలేక కాలిపోతుంది.

సామాను ఎక్కడ దొరుకుతుంది

కోర్ కోసం కంప్యూటర్ రిపేరు షాపులో పాడైన ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై పెట్టె) ఒకటి అడగండి. శ్రీకాకుళమైనా విజయనగరమైనా అలాంటివి మూల పడి ఉంటాయి. లోపల అవుట్‌పుట్ వైపు పసుపు రంగు రింగు, ఒక ముఖం తెలుపు, దాని మీద చాలా తీగలు చుట్టి ఉంటాయి. అది 26వ నంబరు ఐరన్ పౌడర్ కోర్. ఒక హెచ్చరిక: ఆ పెట్టెలో పెద్ద కెపాసిటర్ల మీద 300 వోల్టులకి పైగా డీసీ నిలవ ఉండొచ్చు. ప్లగ్ తీసి ఒక పూట పక్కన పెట్టి, విప్పాక మీటరుతో చూసి, అప్పుడే చెయ్యి పెట్టండి.

రింగు బయటి వ్యాసం 27 మిల్లీమీటర్లు ఉంటే అది టీ106-26 సైజు. చుట్ల సంఖ్యని దానితోనే గుణించి 93తో గుణిస్తే నానోహెన్రీలు వస్తాయి. 100 మైక్రోహెన్రీలకి 33 చుట్లు. వేరే సైజు దొరికితే ముందు 10 చుట్లు చుట్టి ఎల్సీఆర్ మీటరుతో (ఇండక్టెన్స్ కొలిచే మీటరు) కొలవండి. వచ్చిన దాన్నిబట్టి లెక్క కట్టొచ్చు, ఇండక్టెన్స్ చుట్ల వర్గంతో పెరుగుతుంది కాబట్టి 20 చుట్లకి నాలుగు రెట్లు వస్తుంది.

తీగ మోటార్ వైండింగ్ షాపులో తీసుకోండి, 24 గేజి ఎనామిల్ రాగి తీగ. 22 గేజి తీసుకుంటే నిరోధం తగ్గుతుంది గానీ 66 తీగలు రింగు లోపలి అంచులో ఒక వరుసలో పట్టవు, 24 అయితే సరిగ్గా పడతాయి. ఒక్కో తీగ ఒకటిన్నర మీటరు ఉంటే చాలు. వచ్చేటప్పుడు అక్కడే కొంచెం వార్నిష్ కూడా తెచ్చుకోండి, చివర్లో పనికొస్తుంది. ఐసీ, షాట్కీ డయోడ్ మీ ఊళ్లో దొరక్కపోతే విశాఖ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. చుట్టడం అసలు వద్దనుకుంటే కాయిల్‌క్రాఫ్ట్, వుర్త్ లాంటి కంపెనీలు రెడీమేడ్‌గా కపుల్డ్ ఇండక్టర్లు చేస్తాయి, కానీ చుట్టి చూస్తేనే ఈ సర్క్యూట్ ఒంటబడుతుంది.

చుట్టడం, చుక్కలు

రెండు తీగల్నీ పక్కపక్కన పట్టుకుని, ఒకే తీగ అనుకుని చుట్టండి. రింగు లోపల నుంచి ఎన్నిసార్లు దూరిందో అన్ని చుట్లు. మొదలుపెట్టిన రెండు చివర్లనీ మొదళ్లు అందాం, ఆఖరివి కొసలు. ఎనామిల్‌ని ఇసుక కాగితంతో గీకి టంకం పూయండి, మీటరు కంటిన్యుటీలో పెట్టి ఏ మొదలుకి ఏ కొసో పట్టుకుని, మొదటి తీగకి ఒక రంగు గొట్టం, రెండోదానికి ఇంకో రంగు గొట్టం తొడగండి. రెండు తీగల మధ్య కంటిన్యుటీ రాకూడదు. వస్తే ఎక్కడో ఎనామిల్ గీసుకుపోయింది, విప్పి మళ్లీ చుట్టాల్సిందే.

ఇప్పుడు ఈ పని అంతటికీ ప్రాణం లాంటి విషయం. మొదటి తీగ మొదలు బ్యాటరీ ప్లస్‌కి, కొస ఐసీ స్విచ్ కాలికి. రెండో తీగ మొదలు గ్రౌండ్‌కి, కొస డయోడ్ ఆనోడ్‌కి. మధ్య కెపాసిటర్ ఈ రెండు కొసలని కలుపుతుంది. ఇలా గుర్తుపెట్టుకోండి: మొదళ్లు రెండూ సప్లైకి, కొసలు రెండూ కెపాసిటర్‌కి. సర్క్యూట్ బొమ్మల్లో కాయిల్ పక్కన వేసే చుక్కలు చెప్పేది ఇదే.

నేను మొదటిసారి రెండో తీగని తిరగేసి కలిపాను. బొమ్మలో చుక్క చూశాను గానీ చేతిలో ఉన్నది ఏ చివరో చూసుకోలేదు. తిరగేస్తే రెండు కాయిళ్లు ఒకదాన్నొకటి సాయం చేసుకోవడం పోయి ఒకదానితో ఒకటి కొట్లాడతాయి, వాటి మధ్య కరెంటుని ఆపేది చిన్న లీకేజీ ఇండక్టెన్స్ (రెండు కాయిళ్లూ పంచుకోని కొద్దిపాటి ఇండక్టెన్స్) ఒక్కటే. నిమిషంలో ఐసీ పట్టుకోలేనంత వేడెక్కింది, అవుట్‌పుట్‌లో 3 వోల్టులు కూడా లేవు. ఐసీ చెడిపోయిందనుకుని మార్చాను, అదీ అంతే. రెండు సాయంత్రాలు పోయాక తెలిసింది.

మీకు అలా కాకుండా ఉండాలంటే టంకం పెట్టే ముందే ఎల్సీఆర్ మీటరుతో పరీక్షించండి. మొదటి తీగ కొసని రెండో తీగ మొదలుకి తాత్కాలికంగా కలిపి, మిగిలిన రెండు చివర్ల మధ్య కొలవండి. ఒక తీగకి 100 వస్తే ఇప్పుడు దాదాపు 400 మైక్రోహెన్రీలు రావాలి. అలా కాకుండా కొసని కొసకి కలిపి కొలిస్తే దాదాపు సున్నాకి పడిపోవాలి. ఈ రెండు రీడింగులూ సరిగ్గా వస్తే మీ గుర్తులు సరైనవే.

మధ్య కెపాసిటర్

దీని మీద ఎప్పుడూ ఇన్‌పుట్ వోల్టేజి ఉంటుంది, ప్లస్ వైపు స్విచ్ దగ్గర. 15 వోల్టులే కదా అని 16 వోల్టులది పెట్టకండి, 50 వోల్టులది పెట్టండి. దీని గుండా పోయే కరెంటు 1 ఆంపియర్‌కి పైనే, ఒక్క మామూలు ఎలక్ట్రోలిటిక్ దాన్ని మోయలేదు, కొన్ని నెలల్లో ఉబ్బిపోతుంది. 100 మైక్రోఫారడ్, 50 వోల్టులు, 105 డిగ్రీల లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) రకం రెండు పక్కపక్కన కలపండి. ఇక్కడ విలువ తగ్గించి పొదుపు చేయబోతే ఇంకో చిక్కు ఉంది. రెండు తీగలు కలిపి చుట్టినప్పుడు లీకేజీ చాలా తక్కువ, కాబట్టి ఈ కెపాసిటర్ మీద వచ్చే రిపుల్ వోల్టేజి పనికిరాని కరెంటుని రెండు కాయిళ్ల మధ్య తిప్పుతుంది. కెపాసిటర్ పెద్దదైతే ఆ రిపుల్ చిన్నది, తిరిగే కరెంటూ చిన్నది.

అవుట్‌పుట్‌లో కూడా కరెంటు ముక్కలుముక్కలుగా వస్తుంది, 470 మైక్రోఫారడ్ 25 వోల్టుల లో-ఈఎస్ఆర్ రెండు, పక్కన ఒక చిన్న సిరామిక్. ఇన్‌పుట్ వైపు కాయిల్ ఉంది కాబట్టి అక్కడ అంత బాధ లేదు, 470 మైక్రోఫారడ్ 35 వోల్టులది ఒకటి, ఐసీ ఇన్‌పుట్ కాలికి అంటుకుని 0.1 మైక్రోఫారడ్ ఒకటి.

బోర్డు మీద

ఐసీ ముఖం మీ వైపు, కాళ్లు కిందకి ఉంటే ఎడమ నుంచి: కాంప్, ఫీడ్‌బ్యాక్, గ్రౌండ్, స్విచ్, ఇన్‌పుట్. వెనక లోహపు రేకు గ్రౌండే. దీనికి హీట్‌సింక్ తప్పనిసరి.

స్విచ్ కాలు, మధ్య కెపాసిటర్, డయోడ్, అవుట్‌పుట్ కెపాసిటర్, అక్కడి నుంచి గ్రౌండ్ కాలు. ఈ చుట్టు ఎంత చిన్నగా ఉంటే సర్క్యూట్ అంత ప్రశాంతంగా ఉంటుంది, కరెంటు దడేల్‌మని ఆగి దడేల్‌మని మొదలయ్యేది ఇక్కడే. ఈ ఐదింటినీ ముందు బోర్డు మీద పెట్టి చూసుకుని, లావు తీగతో కలిపి, మిగతావన్నీ తర్వాత సర్దండి. కాయిల్ కొంచెం దూరమైనా పర్వాలేదు.

అవుట్‌పుట్ వోల్టేజి సెట్ చేయడానికి ఫీడ్‌బ్యాక్ కాలి దగ్గర 1.23 వోల్టులు రావాలి. అవుట్‌పుట్ నుంచి ఫీడ్‌బ్యాక్‌కి 18 కిలో ఓంలు, ఫీడ్‌బ్యాక్ నుంచి గ్రౌండ్‌కి 1.8 కిలో ఓంలతో వరుసగా 500 ఓంల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్). దీంతో దాదాపు 10.9 నుంచి 13.5 వరకు తిప్పుకోవచ్చు. ప్రీసెట్‌ని పైన కాకుండా కింద పెట్టడానికి కారణం ఉంది: ప్రీసెట్ పాతబడి లోపల తెగితే ఫీడ్‌బ్యాక్ పెరిగి అవుట్‌పుట్ తగ్గిపోతుంది, కెమెరా బతుకుతుంది. పైన ఉండి తెగితే అవుట్‌పుట్ ఆకాశానికి పోతుంది.

కాంప్ కాలి నుంచి గ్రౌండ్‌కి 2.2 కిలో ఓంలు, దానితో వరుసగా 0.47 మైక్రోఫారడ్. కాయిల్ నుంచి సన్నగా కూత వినిపించినా, అవుట్‌పుట్ ఊగినా 1 మైక్రోఫారడ్‌కి పెంచండి. లోడు మారినప్పుడు సర్దుకోవడం కాస్త నెమ్మదిస్తుంది, కెమెరాకి దాంతో నష్టమేమీ లేదు.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

నేరుగా బ్యాటరీకి కలపకండి. 12 వోల్టుల బ్యాటరీ చిన్నదైనా తప్పు కనెక్షన్‌లో తీగల్ని ఎర్రగా కాల్చగలదు. ఆటో ఎలక్ట్రికల్ షాపులో 21 వాట్ల ఇండికేటర్ బల్బు దొరుకుతుంది, దాన్ని ప్లస్ వైరుకి వరుసలో పెట్టండి. అవుట్‌పుట్‌లో 47 ఓంలు, 5 వాట్ల రెసిస్టర్ ఒక్కటే ఉంచండి. కలపగానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేసి ముందు కాయిల్ చివర్లు, తర్వాత డయోడ్ దిశ చూడండి.

ఆరిపోతే ప్రీసెట్ తిప్పి 12.0కి తెచ్చి, మీటరుని మధ్య కెపాసిటర్ రెండు కాళ్ల మీద పెట్టండి. అక్కడ కనిపించేది ఐసీ ఇన్‌పుట్ దగ్గరున్న వోల్టేజికి దాదాపు సమానంగా ఉండాలి. ఆసిల్లోస్కోప్ లేనివాళ్లకి ఇది సులువైన పరీక్ష. అయితే స్విచ్ పనిచేయకపోయినా ఈ రీడింగు రావచ్చు, కాబట్టి అవుట్‌పుట్ 12 దగ్గర నిలిచి, బల్బు కూడా ఆరిపోయి ఉంటేనే కాయిల్, కెపాసిటర్, స్విచ్ మూడూ వాటి పని అవి చేస్తున్నట్టు.

తర్వాత బల్బు తీసేసి, దాని చోట 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, 15 ఓంలు 20 వాట్ల రెసిస్టర్‌తో అరగంట నడపండి. అది 0.8 ఆంపియర్. ఐసీ హీట్‌సింక్, కాయిల్, మధ్య కెపాసిటర్లు ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉండొచ్చు గానీ చెయ్యి వెనక్కి లాక్కునేంత ఉండకూడదు. సామర్థ్యం సుమారు 80 శాతం అనుకోండి, 10 వాట్లు ఇస్తే రెండు మూడు వాట్లు వేడిగా పోతాయి.

తోటలో పెట్టేటప్పుడు

కన్వర్టర్‌ని బ్యాటరీ పక్కన కాకుండా కెమెరా పక్కన పెట్టండి. పొడవాటి వైరులో పడిపోయే వోల్టేజిని కూడా అదే సరిచేసుకుంటుంది. ఫ్యూజు మాత్రం బ్యాటరీ ప్లస్ దగ్గరే ఉండాలి.

సెట్ చేసిన ప్రీసెట్‌ని కొలిచి, దాని స్థానంలో అంతే విలువ గల మామూలు రెసిస్టర్ పెట్టేయండి. అప్పుడు బోర్డు అడుగుకి, కాయిల్‌కి వార్నిష్ రెండు పూతలు వేసి ఆరనివ్వండి. కవిటి, సోంపేట, బారువ వైపు ఉప్పుగాలికి పూత లేని టంకం త్వరగా పాడవుతుంది.

ఇంకొకటి, మావయ్య వాళ్ల దగ్గర నేను రెండోసారి వెళ్లి పెట్టాల్సి వచ్చింది: లో-వోల్టేజి కటాఫ్. ఈ ఐసీ 3.5 వోల్టుల దాకా పనిచేస్తుంది. బ్యాటరీ దిగే కొద్దీ ఎక్కువ కరెంటు లాగి మరీ కెమెరాకి 12 ఇస్తూనే ఉంటుంది, ముసురు పట్టి మూడు రోజులు ఎండ లేకపోతే బ్యాటరీని పూర్తిగా పీల్చేస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ 10.5 కంటే దిగితే దెబ్బతింటుంది. 10.8 దగ్గర తెంచి 12.5 దాటాక మళ్లీ కలిపే కటాఫ్ మాడ్యూల్ ఒకటి బ్యాటరీ దగ్గరే పెట్టండి. మీ సోలార్ ఛార్జ్ కంట్రోలర్‌కి లోడు టెర్మినల్ ఉంటే అందులోనే ఈ ఏర్పాటు ఉండొచ్చు, బ్యాటరీ టెర్మినల్ నుంచి కాకుండా అక్కడి నుంచి వైరు తీయండి.